ర్యామ్ కొనే ముందు ఒక చిన్న లెక్క: స్పీడు, లేటెన్సీ, ధర తూకం వేయడం ఎలా

5600 సీఎల్28, 6000 సీఎల్30, 6400 సీఎల్32. ఈ మూడు డీడీఆర్5 (ర్యామ్‌లో కొత్త తరం) కిట్లు, అంటే ఒకే డబ్బాలో వచ్చే స్టిక్కుల జతలు, పక్కపక్కనే మూడు ధరల్లో కనిపిస్తే ఏది తీసుకోవాలి? మొదటి అంకె స్పీడు. సీఎల్ అంకె లేటెన్సీది, అంటే అడిగిన డేటా రావడం మొదలయ్యేదాకా పట్టే ఆలస్యానిది. స్పీడు పెద్దదైతే మంచిదని, సీఎల్ చిన్నదైతే మంచిదని అందరికీ తెలుసు. కానీ ఇక్కడ రెండూ కలిసే పెరుగుతున్నాయి. సీఎల్‌ను నానోసెకన్లలోకి మార్చి చూస్తే మూడింటికీ ఒకటే అంకె వస్తుంది: సరిగ్గా 10. డబ్బా మీద వేరువేరుగా కనిపించే వాటిలో ఈ విషయం వరకు తేడా సున్నా.

ర్యామ్ కొనుగోలులో సగం గందరగోళం ఈ ఒక్క మార్పిడి చేయకపోవడం వల్లే వస్తుంది. మిగతా సగం వరస తప్పడం వల్ల. మొదట ఎంత జీబీ కావాలి, తర్వాత ఎన్ని స్టిక్కులు, ఆ తర్వాత మీ ప్రాసెసర్ ఎంత స్పీడు వరకు భరిస్తుంది, చివరగా సీఎల్. చాలామంది చివరిదానితో మొదలుపెడతారు.

ముందు జీబీలు

ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత డేటాను ఎస్‌ఎస్‌డీ మీదకు తోసేసి, కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి ప్రాసెసర్‌కు మొత్తం మీద 70 నుంచి 100 నానోసెకన్లు పడుతుంది. అదే మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ నుంచైనా పదుల మైక్రోసెకన్లు పడుతుంది, అంటే వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు. సీఎల్36 బదులు సీఎల్30 కొని 2 నానోసెకన్లు మిగుల్చుకున్నా, 16 జీబీ నిండిపోయి ఎస్‌ఎస్‌డీ మీదకు వెళ్తుంటే ఆ మిగులు ఎక్కడా కనిపించదు.

మీకెంత కావాలో ఊహించక్కర్లేదు, కొలవచ్చు. రోజూ వాడే ప్రోగ్రాములన్నీ, బ్రౌజర్ ట్యాబులతో సహా, తెరిచి పెట్టండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కండి. 'ఇన్ యూజ్' అంకె మొత్తంలో 80 శాతం దాటి ఉంటే మీ సమస్య స్పీడు కాదు, జీబీలే. పక్కనే 'కమిటెడ్' అని రెండు అంకెలు గీత మధ్య ఉంటాయి. వాటిలో మొదటిది మీ ర్యామ్ సైజు కంటే ఎక్కువుంటే ఇప్పటికే ఇరుకులో ఉండే అవకాశం ఎక్కువ.

బ్రౌజింగ్, ఆఫీసు పని, ఒక మోస్తరు గేములకు 16 జీబీ సరిపోతుంది. గేములతో పాటు వెనకాల ఇంకేవో నడుస్తుంటే, ఫొటో ఎడిటింగ్, కోడింగ్ ఉంటే 32. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు, పెద్ద కంపైల్ పనులైతే 64 గురించి ఆలోచించండి. 24 జీబీ, 48 జీబీ స్టిక్కులు కూడా డీడీఆర్5లో దొరుకుతాయి. 32 చాలక, 64కు బడ్జెట్ రాకపోతే రెండు 24లు చక్కటి మధ్యేమార్గం.

డీడీఆర్4, డీడీఆర్5లలో ఏది అన్నది మీరు ఎంచుకునేది కాదు, మదర్‌బోర్డు చెప్పేది. ఏఎండీ రైజన్ ప్రాసెసర్ల బోర్డుల్లో ఏఎం4 సాకెట్ బోర్డులు డీడీఆర్4 మాత్రమే, ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు రెండింటినీ ఆమోదిస్తాయి కానీ బోర్డు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక రకానికే కట్టుబడి ఉంటుంది. రెండు రకాలకూ 288 పిన్నులే అయినా మధ్య గాడి చోటు వేరు. కూర్చోకపోతే బలవంతంగా నొక్కకండి.

స్టిక్కులు రెండు, అదీ ఒకే కిట్

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు మెమరీ ఛానెళ్లు, అంటే ర్యామ్‌కు వెళ్లే దారులు, రెండు. ఒకే స్టిక్ పెడితే ఒక ఛానెల్ ఖాళీగా ఉండిపోతుంది, బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు పంపగల డేటా, సగమవుతుంది. లెక్క సులువు: స్పీడును 8 బైట్లతో, మళ్లీ ఛానెళ్ల సంఖ్యతో గుణించండి. డీడీఆర్4 3200 ఒక స్టిక్‌తో సెకనుకు 25.6 జీబీ, రెండు స్టిక్కులతో 51.2 జీబీ ఇస్తుంది. డీడీఆర్5 6000 అయితే 48, 96. అంటే అతి ఖరీదైన స్పీడుగల ఒక్క స్టిక్ కంటే సాదాసీదా రెండు స్టిక్కులే మేలు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండి, విడిగా కార్డు లేని కంప్యూటర్లలో ఈ తేడా గేముల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఈ ర్యామ్‌నే.

నాలుగు స్లాట్లున్నాయి కదా, నాలుగూ నింపుదాం అనుకోవద్దు. డీడీఆర్5కు నాలుగు స్టిక్కులు చాలా బరువు. రైజన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్కులతో ఏఎండీ అధికారికంగా చెప్పే స్పీడు 5200, నాలుగు పెడితే 3600. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ప్రొఫైల్, అంటే డబ్బా మీది స్పీడు అమరిక, పెట్టి అంతకంటే పైన నడిపించుకునేవాళ్లూ ఉన్నారు గానీ అది అదృష్టం మీద ఆధారపడిన పని. 64 జీబీ కావాలంటే నాలుగు 16లు కాదు, రెండు 32లు కొనండి. ఇప్పుడు రెండు 16లు కొని తర్వాత ఇంకో రెండు కలుపుదామన్న ఆలోచన డీడీఆర్4 కాలంలో బాగానే నడిచింది, డీడీఆర్5లో నడవదు.

అదే మోడల్ నంబరు ఉన్న మరో కిట్ తెచ్చినా లోపలి చిప్పులు వేరుగా ఉండొచ్చు. స్టిక్కర్ మీద పేరున్న కంపెనీల్లో చాలావరకు చిప్పులు తయారు చేయవు. మెమరీ చిప్పుల్లో అధికభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌ల నుంచే వస్తాయి. కిట్ కంపెనీ ఈ నెల ఒకరివి, వచ్చే నెల మరొకరివి వాడుతుంది. ఒకే డబ్బాలో వచ్చిన రెండు స్టిక్కులను కలిపి పరీక్షించి అమ్ముతారు, ఆ హామీ విడివిడిగా కొన్నవాటికి ఉండదు.

డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కులకు దూరంగా ఉండండి. వాటి మీద చిప్పులు నాలుగే, ఒక్కొక్కటి 16 బిట్ల వెడల్పుది, బ్యాంక్ గ్రూపులు (బ్యాంకులంటే చిప్పు లోపల డేటా దాచే అరలు) 8కి బదులు 4. అదే స్పీడు, అదే సీఎల్ రాసి ఉన్నా 16 జీబీ స్టిక్ కంటే నెమ్మదిగా నడుస్తుంది. డబ్బా మీద ఈ సంగతి ఎక్కడా రాయరు.

సీఎల్ అంటే కాలం కాదు

కాలువ వెడల్పు బ్యాండ్‌విడ్త్ అయితే, తూము ఎత్తాక తొలి నీటి చుక్క మడిలోకి చేరేదాకా పట్టే ఆలస్యం లేటెన్సీ. కాలువను వెడల్పు చేసినంత మాత్రాన ఆ ఆలస్యం తగ్గదు.

సీఎల్ ఈ ఆలస్యాన్ని క్లాక్ సైకిళ్లలో చెబుతుంది, సెకన్లలో కాదు. సైకిల్ ఎంత పొడుగన్నది స్పీడును బట్టి మారుతుంది. అందుకే సీఎల్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఇంకో మెలిక: 6000 అని రాసిన కిట్ అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్. ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి సెకనుకు 6000 మెగా ట్రాన్స్‌ఫర్లు. అమ్మేవాళ్లు దీన్నే 6000 మెగాహెర్ట్జ్ అనేస్తారు. కంప్యూటర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరిచి 3000 చూసి మోసపోయామని కంగారు పడేవాళ్లు ఎందరో. అది సరైన అంకే.

సూత్రం ఇది: సీఎల్‌ను 2000తో గుణించి, స్పీడుతో భాగించండి. జవాబు నానోసెకన్లలో వస్తుంది. తరచూ కనిపించే కిట్లకు వేసి చూస్తే:

డీడీఆర్4 3200 సీఎల్16: 10.0
డీడీఆర్4 3200 సీఎల్22: 13.75
డీడీఆర్4 3600 సీఎల్18: 10.0
డీడీఆర్5 4800 సీఎల్40: 16.7
డీడీఆర్5 5600 సీఎల్46: 16.4
డీడీఆర్5 5600 సీఎల్36: 12.9
డీడీఆర్5 6000 సీఎల్36: 12.0
డీడీఆర్5 6000 సీఎల్30: 10.0
డీడీఆర్5 7200 సీఎల్34: 9.4
డీడీఆర్5 8000 సీఎల్38: 9.5

చివరి మూడు వరసలు చూడండి. 6000 నుంచి 8000కు స్పీడు మూడో వంతు పెరిగింది, ఆలస్యం మాత్రం అర నానోసెకను తగ్గింది. చిప్పు లోపల డేటా దాచిన గళ్ల వరసను తెరిచి చదివే పనికి భౌతికంగా పట్టే సమయం ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు. పెరిగిందల్లా ఒకసారి తెరిచాక ఎంత జోరుగా బయటికి తోస్తామన్నదే. మొదట్లో వచ్చిన 4800 సీఎల్40 కిట్లకు మారినవాళ్లు కొన్ని గేముల్లో పాత డీడీఆర్4 కన్నా తేడా కనిపించలేదని నిరాశపడటానికి కారణం పై పట్టీలోనే ఉంది: 10 ఉన్నచోట 16.7.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే అమ్మకాల మాయ ఉన్నది ఇక్కడే. కిట్ మీద 30-38-38-96 లాంటి నాలుగు అంకెలు ఉంటాయి. మొదటిది సీఎల్. రెండోది టీఆర్‌సీడీ, అంటే కొత్త వరసను తెరవడానికి పట్టే సైకిళ్లు. మూడోది టీఆర్‌పీ, తెరిచి ఉన్న పాత వరసను మూయడానికి. నాలుగోది టీఆర్‌ఏఎస్, ఒక వరసను కనీసం ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది. కొనేటప్పుడు దాన్ని పట్టించుకోకపోయినా ఫర్వాలేదు. ప్రాసెసర్ అడిగిన డేటా ఇప్పటికే తెరిచి ఉన్న వరసలో ఉంటే సీఎల్ ఒక్కటే ఖర్చు. అదే బ్యాంకులో వేరే వరస తెరిచి ఉంటే దాన్ని మూసి, కొత్తది తెరిచి, అప్పుడు చదవాలి. అంటే మూడూ కలిపి కట్టాలి.

ఇప్పుడు 6000 స్పీడులో రెండు కిట్లు తీసుకోండి. ఒకటి 30-38-38, రెండోది 36-36-36. సీఎల్ మాత్రమే చూస్తే మొదటిది 10, రెండోది 12 నానోసెకన్లు. ఆరో వంతు మెరుగు, బాగా కనిపిస్తుంది. మూడూ కలిపితే మొదటిది 106 సైకిళ్లు, రెండోది 108. ఒక సైకిల్ 0.333 నానోసెకను కాబట్టి 35.3కు 36.0. పెద్ద అక్షరాల్లో కనిపించిన తేడా ఈ సందర్భంలో రెండు శాతానికి కరిగిపోయింది. అదే 30-36-36 అయితే 34.0, అది నిజంగానే రెండింటినీ మించినది. డీడీఆర్4లో కూడా ఇదే కథ. 3200 16-18-18 కిట్‌కు మూడూ కలిపి 32.5 నానోసెకన్లు, 3600 18-22-22 కిట్‌కు 34.4. సీఎల్ లెక్కలో రెండూ 10 దగ్గరే ఉన్నా, ఎక్కువ స్పీడుది ఇక్కడ వెనకబడింది. కాబట్టి డబ్బా ముందువైపు సీఎల్ చూసి ఆగకుండా వెనకవైపు మిగతా రెండు అంకెలు కూడా చూడండి. వాటిని రాయకుండా సీఎల్ ఒక్కటే చెప్పే అమ్మకపు పేజీ ఉంటే, మోడల్ నంబరుతో తయారీదారు పేజీకి వెళ్లండి.

బేసి అంకె సీఎల్ కోసం డబ్బు పెట్టకండి. డీడీఆర్5లో సీఎల్ సరిసంఖ్యలే ఉంటాయి. డీడీఆర్4లో సీఎల్15, సీఎల్17 కిట్లు ఉన్నాయి గానీ, రైజన్ బోర్డుల్లో గేర్ డౌన్ మోడ్ అనే బయోస్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అవి సీఎల్16, సీఎల్18గా నడుస్తాయి.

ఇన్ని నానోసెకన్లు లెక్కేశాక ఒక్కసారి వెనక్కి వచ్చి చూడాలి. ప్రాసెసర్ నుంచి ర్యామ్ దాకా వెళ్లి తిరిగి రావడానికి మొత్తం 70 నుంచి 100 నానోసెకన్లన్నాం. అందులో చిప్పు వాటా కొంతే. మిగతాది ప్రాసెసర్ లోపలి దారులు, అందులోనే ఉండి ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ తినేస్తాయి. 80లో 2 తగ్గితే రెండున్నర శాతం. పైగా ప్రాసెసర్ అడిగే వాటిలో అధికభాగం క్యాషేలోనే (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీలోనే) దొరికిపోతాయి, ర్యామ్ దాకా రానే రావు. 96 ఎంబీ ఎల్3 క్యాషే ఉన్న రైజన్ 7 7800ఎక్స్3డీ లాంటివాటిలో ఇది ఇంకా ఎక్కువ. అలాంటి ప్రాసెసర్ కొన్నవాళ్లు ర్యామ్ దగ్గర పొదుపు చేసినా పెద్దగా పోయేదేమీ ఉండదు.

ప్రాసెసర్ గీసిన గీత

ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ మెమరీ స్పీడులో ఒక మెట్టు ఉంటుంది. అది దాటితే డబ్బు పెరుగుతుంది, పని పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది.

రైజన్ 3000, 5000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ మెట్టు డీడీఆర్4 3600. లోపలి భాగాలను కలిపే దారి అయిన ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ క్లాక్ 1800 మెగాహెర్ట్జ్ వరకు ర్యామ్ క్లాక్‌తో అడుగు కలిపి నడుస్తుంది. కొన్ని చిప్పులు 1900 దాకా వస్తాయి, అన్నీ రావు. దాటితే అడుగు తప్పి లేటెన్సీ ఒక్కసారిగా పెరుగుతుంది. వీటికి 3200 సీఎల్16 లేదా 3600 సీఎల్16, సీఎల్18 తీసుకుంటే చాలు.

ఏఎం5 మీద మెట్టు 6000. బాగున్న చిప్పులు 6400 వరకు మెమరీ కంట్రోలర్‌ను ర్యామ్ క్లాక్‌తో సమానంగా నడుపుతాయి. అక్కణ్నుంచి పైకి వెళ్తే కంట్రోలర్ సగం క్లాక్‌కు పడిపోతుంది. 6000లో కంట్రోలర్ 3000 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంటే, 7200 కిట్ పెట్టినప్పుడు 1800 మీద నడుస్తుంది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి 8000 దగ్గరికి పోవాలి, దానికి తగ్గ బోర్డు, కిట్, ఓపిక కావాలి. ఇంకో అడ్డంకి కూడా ఉంది. ఒకే కోర్ చిప్లెట్ (కోర్లుండే చిన్న చిప్పు) ఉన్న రైజన్లలో (ఆరు, ఎనిమిది కోర్లవి) చిప్లెట్‌కు, కంట్రోలర్‌కు మధ్య దారి ఫ్యాబ్రిక్ క్లాక్‌కు 32 బైట్లు చదవగలదు. ఫ్యాబ్రిక్ 2000 మెగాహెర్ట్జ్ ఉంటే అది సెకనుకు 64 జీబీ. రెండు స్టిక్కుల 6000 కిట్ ఇవ్వగలిగింది 96. ఉన్నదాన్నే మోయలేని దారికి 8000 కిట్ కొని పెడితే ఏం లాభం?

ఇంటెల్ 12 నుంచి 14 తరాల్లో డీడీఆర్5 ఎలాగూ గేర్ 2లో, అంటే కంట్రోలర్ సగం క్లాక్‌లో నడుస్తుంది కాబట్టి 6000 దగ్గర అలాంటి జారుడు లేదు. 6400, 6800, కొన్నింట్లో 7200 దాకా స్పీడుతో పాటు కాస్త లాభం వస్తూనే ఉంటుంది. అక్కడ హద్దు గీసేది ఎక్కువగా మదర్‌బోర్డు. అదే ఇంటెల్‌లో డీడీఆర్4 అయితే 3600 చుట్టుపక్కల వరకే గేర్ 1 (కంట్రోలర్ ర్యామ్ క్లాక్‌తో సమానంగా), ఆపైన గేర్ 2లోకి జారి లేటెన్సీ పెరుగుతుంది. 4000, 4400 డీడీఆర్4 కిట్లు చూడ్డానికి బాగుంటాయి, అంతే.

మదర్‌బోర్డు తయారీదారు సైట్‌లో ఆ బోర్డుపై పరీక్షించిన మెమరీ కిట్ల పట్టిక ఉంటుంది. మీ ప్రాసెసర్ కుటుంబం ఎంచుకుని, కొనాలనుకున్న మోడల్ నంబరు అక్షరం పొల్లు పోకుండా వెతకండి. 6000 లోపు అయితే పట్టికలో లేకపోయినా సాధారణంగా నడుస్తుంది. 7000 పైన అయితే పట్టికలో లేనిది కొనవద్దు.

ఒక్కో నానోసెకను ఎంతకు వస్తోంది

తక్కువ సీఎల్ కిట్ ఎందుకు ఖరీదంటే, దానికోసం వేరే చిప్పులేవో పోతపోయరు. ఒకే రకం చిప్పుల్లోంచి బిగుతు టైమింగులకు నిలబడ్డవాటిని ఏరి పక్కన పెడతారు. ఎంత బిగిస్తే ఏరినవి అంత తక్కువ దొరుకుతాయి. అందుకే ధర గీత మొదట్లో నెమ్మదిగా, చివర్లో నిటారుగా లేస్తుంది. మీరు ఆగాల్సింది ఆ మలుపు దగ్గర.

మలుపు ఎక్కడుందో కనుక్కోవడానికి ర్యామ్ ధరలు స్థిరంగా ఉండాల్సిన పని లేదు. (అవి ఎప్పుడూ ఉండవు కూడా. నెలల్లో సగానికి పడిపోవడం, రెట్టింపు కావడం ఈ సరుకుకు మామూలే.) కొనే రోజున మీకు కావాల్సిన కెపాసిటీలో రెండు స్టిక్కుల కిట్లలో అన్నిటికన్నా చౌకదాని ధరను 100 అనుకోండి. మిగతావాటిని దానితో పోల్చి రాసుకోండి. ఉదాహరణకు 5600 సీఎల్46 కిట్ 100, 6000 సీఎల్36 కిట్ 108, 6000 సీఎల్30 కిట్ 118, 7200 సీఎల్34 కిట్ 145 అనుకుందాం. అంకెలు ఊహించినవి, పద్ధతి ముఖ్యం. మొదటి మెట్టులో 8 ఎక్కువ పెడితే 4.4 నానోసెకన్లు తగ్గాయి, అంటే నానోసెకనుకు 1.8. రెండో మెట్టులో 10 పెడితే 2 తగ్గాయి, నానోసెకనుకు 5. మూడో మెట్టులో 27 పెడితే 0.56 తగ్గింది, నానోసెకనుకు 48. మొదటి మెట్టు కళ్లు మూసుకుని ఎక్కొచ్చు. రెండోది మీ పనిని బట్టి. మూడోది ఏఎం5 మీద అయితే కంట్రోలర్ సగానికి పడిపోయే సంగతి కూడా కలుపుకుంటే డబ్బిచ్చి నష్టం కొనుక్కోవడమే.

రెండో మెట్టు ఎవరు ఎక్కాలి? గ్రాఫిక్స్ కార్డు బలంగా ఉండి, 1080పీలో ఎక్కువ ఫ్రేములతో పోటీ గేములు ఆడేవాళ్లు ఎక్కాలి. అక్కడ ప్రాసెసర్ ర్యామ్ కోసం ఎదురుచూసే సందర్భాలు ఎక్కువ, లాభం కొద్ది శాతమైనా కనిపిస్తుంది. 4కేలో ఆడేవాళ్లకు పరిమితి గ్రాఫిక్స్ కార్డు దగ్గరుంటుంది, ర్యామ్ మార్చినా ఫ్రేములు కదలవు. కంప్రెషన్, పెద్ద డేటా లెక్కలు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడకం లాంటివాటికి లేటెన్సీ కంటే బ్యాండ్‌విడ్త్ ముఖ్యం, అక్కడ సీఎల్ చూడకుండా స్పీడు చూడండి. ఆఫీసు పనికి మొదటి మెట్టు కూడా అక్కర్లేదు.

ఇంకో పోలిక తప్పకుండా చేయండి: ఆ అదనపు డబ్బుతో 16 నుంచి 32 జీబీకి వెళ్లొచ్చా, గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పెరుగుతుందా? రెండింట్లో ఏది వీలైనా సీఎల్‌ను వదిలేయండి. లైట్ల కోసం పెట్టే డబ్బు గురించి చెప్పేదేముంది, అవి మీ ఇష్టం. కాకపోతే లైట్లున్న పొడవాటి స్టిక్కులు పెద్ద టవర్ కూలర్ ఫ్యాన్‌కు తగులుతాయి. స్టిక్ ఎత్తు, కూలర్ వదిలే ఖాళీ రెండూ మిల్లీమీటర్లలో స్పెసిఫికేషన్ పేజీల్లో ఉంటాయి, కొనకముందే సరిచూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో అతి చౌకగా కనిపించే 32 జీబీ డీడీఆర్4 స్టిక్కులు తరచూ సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ రకం. స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, కంప్యూటర్ మాత్రం ఆన్ కాదు. స్టిక్కర్ మీద స్పీడు తర్వాత ఆర్ అక్షరం ఉంటే వదిలేయండి. డీడీఆర్5లో గాడి వేరు కాబట్టి ఆ ప్రమాదం లేదు. డీడీఆర్5 చిప్పుల్లో ఉండే ఆన్-డై ఈసీసీ అన్నది చిప్పు తన లోపలి పొరపాట్లను తాను దిద్దుకోవడానికి. దాన్ని చూసి సర్వర్ తరహా ఈసీసీ వచ్చిందనుకోవద్దు.

ల్యాప్‌టాప్‌లకు ఈ లెక్కలన్నీ వర్తించవు. చాలా వాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. స్లాట్లున్నా బయోస్‌లో ప్రొఫైల్ ఆన్ చేసే వీలు సాధారణంగా ఉండదు, ప్రామాణిక టైమింగులతోనే నడుస్తుంది. కాబట్టి సరైన తరం, సరైన స్పీడు, రెండు స్టిక్కులు చూసుకుని చౌకది తీసుకోండి.

అమర్చడం, ప్రొఫైల్, పరీక్ష

కొన్న స్పీడు వాడకుండా వదిలేసేవాళ్లు చాలామంది. 6000 కిట్ పెట్టగానే 6000లో నడవదు. 4800 లేదా 5600 లాంటి ప్రామాణిక స్పీడులో మొదలవుతుంది. డబ్బా మీది అంకె రావాలంటే బయోస్‌లో ప్రొఫైల్ ఆన్ చేయాలి.

ముందుగా ప్రస్తుత ర్యామ్‌తోనే బయోస్ అప్‌డేట్ చేయండి, ముఖ్యంగా ఏఎం5 బోర్డయితే. తర్వాత పవర్ సప్లై స్విచ్ ఆపి, తీగ పీకి, కేస్ లోహాన్ని ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది. ఒకటి, మూడు వాడితే చివర ఖాళీగా మిగిలిన స్లాట్ నుంచి సిగ్నల్ తిరిగి కొట్టి ఎక్కువ స్పీడులో తప్పులు తెస్తుంది. స్టిక్ రెండు చివర్లనూ గట్టిగా నొక్కాలి, క్లిప్ టిక్కుమని పడాలి. ఒకవైపు మాత్రమే క్లిప్ ఉన్న బోర్డుల్లో రెండో చివర సగమే దిగి ఆగిపోవడం తరచూ జరిగే పొరపాటు.

మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ అన్న చిన్న లైటు వెలుగుతుంది. మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డు ర్యామ్‌తో టైమింగులు కుదుర్చుకోవడం, జరుగుతోందన్నమాట. డీడీఆర్5కు కొన్ని నిమిషాలు, 64 జీబీ పైన పది నిమిషాల దాకా పట్టొచ్చు. పాడైందనుకుని మధ్యలో పవర్ తీయకండి. తెర వచ్చాక బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్, ఏఎం4 అయితే ఎక్స్‌ఎంపీ, ఏఎం5 అయితే ఎక్స్‌పో అనే ప్రొఫైల్ ఎంచుకుని, సేవ్ చేసి బయటికి రండి. ట్రైనింగ్ మళ్లీ జరుగుతుంది. ఏఎం5లో ప్రొఫైల్ పెట్టాక ఎస్‌ఓసీ వోల్టేజ్ (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) 1.3 వోల్టులు దాటలేదని ఒకసారి చూడండి. 2023లో కొన్ని రైజన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ ఆ హద్దు పెట్టింది. పాత బయోస్‌లో ఆ హద్దు ఉండదు. ప్రొఫైల్ ఆన్ చేయడం ప్రాసెసర్ తయారీదారుల లెక్కలో ఓవర్‌క్లాకింగే అన్నది కూడా గుర్తుండాలి.

విండోస్‌లోకి వచ్చాక సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్ చూడండి. 6000 కిట్‌కు డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 3000 దగ్గర, ఛానెళ్లు డీడీఆర్5లో 4×32 బిట్ అని, డీడీఆర్4లో 2×64 బిట్ అని ఉండాలి. సగం కనిపిస్తే ఒక స్టిక్ సరిగా దిగలేదు, లేదా రెండూ ఒకే ఛానెల్ స్లాట్లలో ఉన్నాయి.

ఆన్ అయింది కదా అని వదిలేయకండి. అంచున నడుస్తున్న ర్యామ్ వెంటనే ఆగిపోదు. గేము ఉన్నట్టుండి డెస్క్‌టాప్‌కు వచ్చేస్తుంది, బ్రౌజర్ ట్యాబులు చచ్చిపోతుంటాయి, జిప్ ఫైళ్లు సీఆర్‌సీ తప్పు చూపిస్తాయి. అన్నిటికన్నా చెడ్డది, కాపీ చేసిన ఫైళ్లు చడీచప్పుడు లేకుండా పాడవుతాయి. మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను యూఎస్‌బీ మీద పెట్టి, దాన్నుంచి బూట్ చేసి నాలుగు పాస్‌లు నడపండి. 32 జీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడం సుఖం. ఒక్క తప్పు వచ్చినా ఫెయిలే. వేలల్లో ఒకటే కదా అనడానికి లేదు. అది దాటాక విండోస్‌లో ఓసీసీటీ లాంటి పరీక్ష ప్రోగ్రాంతో గ్రాఫిక్స్ కార్డు కూడా వేడెక్కే స్థితిలో ఇంకో గంట పరీక్షించండి. ర్యామ్ చల్లగా ఉన్నప్పుడు పాసై, కార్డు వదిలే వేడికి తప్పులు చేసే కిట్లు డీడీఆర్5లో కొత్త కాదు. ఇవన్నీ వాపసు గడువు లోపలే ముగించండి.

తప్పులు వస్తే ఒక వరసలో వెళ్లండి. ప్రొఫైల్ ఆపి ప్రామాణిక స్పీడులో మళ్లీ పరీక్షించండి. అప్పుడు తప్పులు పోతే స్టిక్కుల కంటే ముందు కంట్రోలర్‌ను, బోర్డును అనుమానించాలి. ప్రొఫైల్ ఉంచి స్పీడును మాత్రం ఒక మెట్టు దించండి, 6400 ఉంటే 6200 లేదా 6000. అదీ చాలకపోతే సీఎల్‌ను 2 పెంచండి. కంప్యూటర్ అసలు తెరే చూపించకపోతే పవర్ తీసేసి సీమాస్ క్లియర్ జంపర్‌తో, లేదా బోర్డు బ్యాటరీని కాసేపు తీసి బయోస్‌ను మొదటి స్థితికి తెండి. ప్రామాణిక స్పీడులో కూడా తప్పులు వస్తుంటే ఒక్కో స్టిక్‌ను విడిగా, ఒకే స్లాట్ ఏ2లో పెట్టి పరీక్షించండి. చెడ్డది ఏదో తేలుతుంది. రెండూ విడివిడిగా పాసైతే ముందుగా అనుమానించాల్సింది బీ2 స్లాట్‌ను: అందులో దుమ్ము ఉందేమో, ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను ఏదైనా వంగిందేమో చూడండి. మార్చుకోవాల్సి వస్తే ఒక్క స్టిక్ కాదు, రెండూ కలిపి కిట్‌గా పంపండి, కిట్‌గానే తిరిగి అడగండి.